ఏమీ కలపని పలక

దయ్యాలు, దేవుడి మహిమలు అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకు భయం వెయ్యదు, ఒళ్లు మండుతుంది.

ఎల్బీ నగర్‌లో ఎపాక్సీ పలకలు పోసే చిన్న కంపెనీలో పరీక్షల పని చేసేదాన్ని. ఎపాక్సీ అంటే పోశాక గట్టిపడే జిగురు. గట్టిదే కానీ పెళుసు, దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. సన్నటి రబ్బరు రేణువులు కలిపితే, పగులు వాటికి తగిలి నీరసపడుతుంది. ఎంత కలిపితే ఎంత తట్టుకుంటుందో చూడటమే నా పని. పోల్చుకోవడానికి ఏమీ కలపని ఉత్త పలక కూడా ఒకటి పోస్తాం.

ఆయుధ పూజ రోజు, మా దగ్గర ఊడ్చే యాదమ్మ పలకల్ని కొట్టి చూసే సుత్తి మిషన్‌కి విభూతి రాసి, బొట్టు పెట్టి దండ వేసింది. పండగ కాగానే కొనేవాళ్లు వస్తున్నారని కంపెనీ ఓనరు సారు నన్ను పలకలు పోయమన్నారు.

"ఇయ్యాల పనిముట్లు ముట్టొద్దు మేడం, జర ఆగుండ్రి," అంది యాదమ్మ. నేను నవ్వి పోసేశాను.

కొనేవాళ్ల ముందు ఉత్త పలక ముక్కకి గాటు పెట్టి సుత్తి వదిలాను. విరగలేదు. ఇంకో ముక్క పెట్టాను. అదీ విరగలేదు. రబ్బరు కలిపినవేమో ఎప్పటిలాగే కాస్త తట్టుకుని విరిగాయి.

"అమ్మాయ్, రబ్బరు ఇందులో కలిపేసి మర్చిపోయుంటావ్," అన్నారు సారు, అందరి ముందూ.

రబ్బరు కలిస్తే పలక పాలలా తెల్లబడుతుందండీ! ఇది గాజులా ఉంది, వెనక పెట్టిన నా వేళ్లు కనబడుతున్నాయి. ఆ మాటే అన్నాను. వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వి, "ఇంకేదో కలిపుంటుంది, చెప్పట్లేదు," అన్నాడు. ఇన్నేళ్లలో ఒక్క అంకె మార్చి రాయని నన్ను నిలబెట్టి దొంగని చేశారు.

మైక్రోస్కోప్ కింద చూశాను. పగులు గాటు దగ్గర మొదలై, సగం దూరం వచ్చి ఆగింది. ఆగినచోట రేణువు లేదు, బుడగ లేదు, దుమ్ము లేదు. ప్రతి ముక్కలోనూ అంతే. దాచడం ఎందుకు, యాదమ్మ మాటే గుర్తొచ్చింది.

పూజలో విభూతి పడిందేమోనని విభూతి కలిపి పోశాను. మిషన్‌కి మళ్లీ బొట్టు పెట్టించి, పండగనాడు వాడిన జిగురు డబ్బాలోంచే ఉత్తదీ పోశాను. అన్నీ అప్పడాల్లా విరిగాయి.

పొరపాటున ఏదో కలిపానని ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుందన్నారు సారు.

"ఒప్పుకోండ్రి మేడం, గా ఒక్క మాటతోని ఏం పోతది?" అని యాదమ్మ కూడా బతిమాలింది. పోయేది నా మాటే కదా! చెయ్యని పని చేశానని ఎందుకు చెప్పాలి? చెప్పలేదు. మర్నాటి నుంచి రావద్దన్నారు.

మిగిలిన ముక్క ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో నా కిరాయి గదిలో ఉంది. ఎవరికి చూపించినా మొదట అడిగేది ఒకటే, ఏం కలిపావని. ఆ పగులు ఎందుకు ఆగిందో నాకు తెలీదు. తెలిసినట్టు నటించను. కానీ అయ్యా, నేను ఏమీ కలపలేదు.