ఎనిమిది చుట్ల టేపు

ఫర్హాత్‌కు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, ఎదురుగా ఏదైనా వస్తువు ఉంటే చాలు. పొద్దున్నే కాఫీ గిన్నెతో మొదలుపెట్టేవాడు. "నేను తల తిప్పేదాకా కాచుక్కూర్చుని అప్పుడు పొంగుతావా?" అని దాన్ని నిలదీసేవాడు. అక్కణ్ణుంచి చెప్పులు, తలుపు గొళ్లెం, ఎదురెండ. ఐన్ జర్రా ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఇంట్లో రోజూ ఎవరినో నరుకుతున్నారనుకుని, తలుపులు వేసుకునేవారు.

బడిబస్సు నడిపి రిటైరయ్యాక ఆయన కోపానికి చేతినిండా పని దొరికింది. షెడ్డులో సొంతంగా కారు కట్టడం మొదలుపెట్టాడు. గుద్దుకుని మూలపడ్డ వ్యాను ఇంజను, మూతపడ్డ సినిమాహాలు సీట్లు. నాలుగేళ్లలో ఆయన తిట్టని బోల్టు ఆ కారులో ఒక్కటీ లేదు. ఒక నట్టునైతే దాని వంశంతో సహా మధ్యాహ్నమంతా తిట్టి, సాయంత్రం నూనె రాసి బిగించాడు.

ఆ కారుకు నీళ్ల గొట్టాలు అమర్చినవాడు తన్నూస్. నలభై ఏళ్లుగా ఊరి ప్లంబరు, ఫర్హాత్‌కు ప్రాణస్నేహితుడు. ఆ వేసవిలో తన్నూస్‌కు కంటి మీద కునుకు లేదు. కొండమీది ఊట నుంచి ఇళ్లకు కొత్త లైను వేయించబోతున్నారు. ఆ పని ఎవరికిచ్చేదీ ఊరిపెద్ద ముఖ్తార్ చర్చి పండుగనాడు తేల్చాలి. తన్నూస్‌కు చేతులు వణుకుతున్నాయి, చూపు ఆనడం లేదని కొత్త ప్లంబరు నజీబ్ కాఫీకొట్టులో కూర్చుని ప్రచారం చేస్తున్నాడు. ఈ పని చెయ్యి జారితే రేపటినుంచి కుళాయి వాషరు మార్చడానికి కూడా తనను ఎవరూ పిలవరని తన్నూస్ భయం.

ఏటా ఆ పండుగనాడు ఇళ్లలో కట్టిన కార్లన్నీ కింది చౌకు నుంచి కొండమీది చర్చి దాకా ఎక్కాలి. ఫర్హాత్ కారులో ఇంజన్ను చల్లబరిచే ఫ్యాను దానంతటది తిరగదు. ఇంజనులో నీళ్లు ఎంత వేడెక్కాయో సెన్సార్ చెబితే ఎదుటి మీటరులో ముల్లు లేస్తుంది. ముల్లు సగం దాటాక ఫర్హాత్ స్విచ్చి నొక్కాలి.

ఆ రోజు బయలుదేరే ముందు ఫర్హాత్ కోటు తొడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. సెన్సార్ కింద ఒక నీటిచుక్క తన్నూస్ కంట పడింది. ప్లంబరుకు ఆ ఒక్క చుక్కా చాలు. సెన్సార్ ఊడదీసి, దాని బిగింపు మరల మీద కుళాయిలకు చుట్టే తెల్లటేపు చుట్టాడు. మూడు చుట్లు సరిపోతాయి. ఎందుకైనా మంచిదని అయిదు చుట్టాడు. గేటు దగ్గర నజీబ్ చూస్తున్నాడని ఇంకో మూడు చుట్టి బిగించాడు. ఒక్క చుక్క కారితే ఒట్టు.

బండి కదిలింది. ముల్లు మాత్రం కదల్లేదు. పండుగపూట కూడా బద్ధకమేనా అని ఫర్హాత్ దాన్ని చీవాట్లు పెట్టాడు. అది బద్ధకం కాదని, తన గొట్టాల పనితనానికి నీళ్లు చల్లగా ఉన్నాయని పక్కసీట్లోంచి తన్నూస్ సగర్వంగా చెప్పాడు. ఇద్దరూ దాన్ని నమ్మారు.

చర్చి మెట్ల దగ్గర, ముఖ్తార్ ముందు, ఇంజను బుసలు కొట్టింది. ఆ ఆవిరిలో పాదిరీగారి గడ్డం కాసేపు కనిపించలేదు. ముల్లు మాత్రం చలికాలంలోనే ఉంది. నీళ్ల పని చేసిన చెయ్యి ఎవరిదో కనుక్కోండని నజీబ్ జనంలోంచి అందరికీ వినబడేలా అన్నాడు.

ఇంజను చల్లారాక ఫర్హాత్ గుడ్డపట్టి సెన్సార్ ఊడదీశాడు. తెల్లటేపు కనబడింది. ఆ సెన్సార్‌కు ఒకటే తీగ. కరెంటు తిరిగి వెళ్లాల్సిన దారి ఆ మరలే. మర ఇంజను ఇనుముకు తగలాలి. తన ఎనిమిది చుట్లూ ఆ దారి మూసేశాయని తన్నూస్‌కు అప్పుడు వెలిగింది.

ఫర్హాత్ ఒక్కసారి తన్నూస్ వైపు చూశాడు. గుడ్డతో ఆ మరలు తుడిచాడు. టేపు ఆయన కోటుజేబులోకి పోయింది. ఆ తరువాత సెన్సార్‌ను ఎత్తి పట్టుకుని మొదలుపెట్టాడు. ఇల్లు తగలబడుతుంటే చలికాచుకోమని చెప్పే రకానివి నువ్వు అన్నాడు. దాన్ని కన్న కార్ఖానానీ, అమ్మిన కొట్టునీ, మోసుకొచ్చిన ఓడనీ వదల్లేదు. అరగంట తిట్టి, ముఖ్తార్ వైపు తిరిగాడు.

"ఇంత ఉడికింది కదండీ, గొట్టాల అతుకుల్లో ఎక్కడైనా చెమ్మ ఉందేమో మీరే తడిమి చూడండి."

ముఖ్తార్ చొక్కా చేతులు మడిచి అన్నీ తడిమాడు. ఎక్కడా తడి లేదు. ఆవిరి వచ్చింది రేడియేటరు మూతలోంచే. నజీబ్ జనంలో వెనక్కి జారుకున్నాడు.

తన్నూస్ చర్చి అరుగు మీద కూలబడ్డాడు. నలభై ఏళ్ల స్నేహంలో ఫర్హాత్ ఒక మనిషిని తిట్టగా తను చూశాడా? భార్య ఆయన కొత్త కోటు కాల్చిన రోజున తిట్లు తిన్నది ఇస్త్రీపెట్టె. తను పైపు పగలగొట్టి వాళ్ల ఇల్లంతా ముంచిన రోజున తిట్లు తిన్నది సుత్తి. అత్తమీది కోపం దుత్తమీద చూపిస్తాడని ఊరంతా నవ్వింది గాని, ఆయనవల్ల ఊళ్లో ఏ అత్తా కన్నీరు పెట్టలేదని ఎవరూ లెక్కవేయలేదు. ఆ సంగతి తనకూ ఇవాళే తట్టినందుకు తన్నూస్‌కు సిగ్గేసింది. లేచి తిన్నగా ముఖ్తార్ దగ్గరికి నడిచాడు.

"ఆ సెన్సార్ తప్పేం లేదండీ. దానికి టేపు చుట్టి చెడగొట్టింది నేను."

ముఖ్తార్ గడ్డం గోక్కున్నాడు. "చుట్టాక కారిందా?"

"లేదండీ."

"మన ఊరి లైనుకు ముల్లూ గిల్లూ లేవు తన్నూస్. కారకపోతే అదే పదివేలు. సోమవారం గొట్టాలు దింపిస్తాను, వచ్చెయ్యి."

ఈ మాటలు ఫర్హాత్ చెవిన పడ్డాయి. జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"నీకు బుద్ధుందా తన్నూస్? అరగంట గొంతు చించుకున్నాను. ఆ సెన్సార్ ఏ పాపం ఎరగదని ఇప్పుడు అందరి ముందూ చెబుతావా? ఇక దాని ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

ఫర్హాత్ ఒక మనిషిని తిట్టడం అదే మొదటిసారి. తన్నూస్ చేతులు కట్టుకుని, ఒక్కమాట కూడా పోకుండా చివరిదాకా నవ్వుముఖంతో విన్నాడు.