సంతకం పెట్టనిదే అందినట్టు కాదు

ఎదుటివాడు సంతకం పెట్టనిదే ఈ లోకంలో ఏదీ ఎవరికీ అందినట్టు కాదని ఆయన నమ్మకం. ఉత్తరమైనా, కబురైనా, పక్కింటికి తిరిగిచ్చిన నిచ్చెనైనా అంతే. పోస్టుమాన్ ఉద్యోగం వదిలి ఏడేళ్లయింది. ఉద్యోగం మాత్రం ఆయన్ని వదల్లేదు. వీధంతా ఆయన్ని సంతకం బాబాయి అంటుంది.

"పెళ్లయిన సాయంత్రం మా నాన్న చేత కాగితం మీద సంతకం పెట్టించాడు, 'అప్పగించినవారు' అని" అంటుంది ఆయన భార్య. "కింద తను పెట్టాడు, 'అందుకున్నవారు' అని. ఆ కాగితం ఇంకా బీరువాలో ఉంది. అందుకే వదిలి పోలేకపోతున్నా."

ఈ సంగతులేవీ నర్సమ్మకు తెలియవు. ఆమె ఆ వీధి ఉన్న వార్డు ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరింది. ఎండలు ముదిరాక ఆమె నెత్తిన ఇంకో పని పడింది. రోజూ సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని మూడు వందల పన్నెండు ఫోన్లకు మెసేజీ పంపాలి. రేపు ఎండ తీవ్రంగా ఉంటుంది, పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి రాకండి, దాహం లేకపోయినా నీళ్లు తాగండి, తల తిరిగినా మాట తడబడినా ఈ నంబరుకు ఫోన్ చేయండి. బొత్తాం నొక్కితే మూడు వందల పన్నెండు నంబర్ల పక్కనా 'చేరింది' అని పడుతుంది. ఆమె తృప్తిగా ఇంటికి పోతుంది.

ఒకరోజు ఆఫీసుకు ఫోనొచ్చింది.

"మీ మనిషి పొద్దున్నే తలుపు కొట్టి సంతకం పెట్టమంటున్నాడండీ. పైగా నీళ్లు తాగితేగానీ పెట్టనివ్వడు."

"మా మనిషా?"

"మీ మెసేజీయే కదా చదివి వినిపిస్తాడు."

నర్సమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆఫీసులో ఉన్నది నలుగురు. డాక్టరు, తను, మందులిచ్చే ఆయన, ఊడ్చే ఆమె. ఎవరూ పొద్దున్నే ఎవరి తలుపూ కొట్టే రకం కాదు.

"ఎవడో మన పేరు చెప్పి సంతకాలు కూడబెడుతున్నాడు" అన్నాడు డాక్టరు. "రేప్పొద్దున ఎవరి ఇల్లయినా తన పేర రాయించుకుంటే మన మెడకు చుట్టుకుంటుంది. వెళ్లి ఆపించు. రిపోర్టు రాయి."

మర్నాడు ఆరున్నరకే ఆమె ఫోనొచ్చిన వీధికి వెళ్లింది. అప్పటికే గోడలు వెచ్చగా ఉన్నాయి.

"సంతకం ఎందుకు పెడుతున్నారు?" అని సైకిల్ మెకానిక్‌ని అడిగింది.

"పెట్టకపోతే వెళ్లడమ్మా."

"జనాభా లెక్కలు కదూ?" అంది కిరాణా కొట్టావిడ.

కింది వాటాలో ఉండే రిటైరైన మాస్టారు గొంతు తగ్గించి చెప్పాడు. "చేతిరాత పోటీ. పైకి చెప్పడు గానీ నాకు తెలుసు. నాది రెండో స్థానం. మొదటిది మేడ మీది కుట్టుమిషను పిన్నిది. ఆవిడ రాస్తే కుట్టు వేసినట్టుంటుంది."

"మరి మెసేజీ మీ ఫోన్లకు రాలేదా?"

మెకానిక్ ఫోను వాళ్లావిడ దగ్గరుంది. ఆవిడ పనికి వెళ్లింది. కొట్టావిడకు మెసేజీ వస్తుంది, అద్దాలు వెతుక్కునేసరికి ఫోను ఆరిపోతుంది. మాస్టారు అవసరానికి చార్జింగ్ ఉండాలని ఫోను ఎప్పుడూ ఆఫ్ చేసే ఉంచుతాడు.

తెర మీద వెలిగిన మూడు వందల పన్నెండు 'చేరింది'లు నర్సమ్మ బుర్రలో ఒక్కొక్కటిగా ఆరిపోసాగాయి.

అప్పుడే ఆయన ఎదురయ్యాడు. చంకలో పొడుగాటి నోటుబుక్కు. మెడలో దారానికి కట్టిన పెన్ను. భుజాన పాత తోలుసంచి, అందులో నీళ్ల సీసా, గ్లాసు.

"నేను ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చాను" అంది ఆమె, వీలైనంత కటువుగా.

"మంచిది. వచ్చినట్టు సంతకం పెట్టు. ఆగాగు. నీళ్లు తాగావా?"

"దాహం లేదండీ."

"దాహం లేకపోయినా తాగమని రాసింది నువ్వేగా?"

ఆమె తాగింది. సంతకం పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది, విచారణకు వచ్చింది తను కదా అని.

"ఎవరి అనుమతితో చేస్తున్నారిదంతా?"

"నీ మెసేజీ చేరిందని నీకెలా తెలుసు?"

"కంప్యూటరు చెబుతుంది."

"కంప్యూటరు సంతకం పెట్టిందా?"

ఆయన ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది. ఎవరు ఎవర్ని విచారిస్తున్నారో ఆమెకు అంతు పట్టలేదు. ప్రతి గుమ్మం దగ్గరా మెసేజీ చదివాడు, నీళ్లు తాగించాడు, సంతకం పెట్టించాడు. ఆయన చట్టం ఆయనది. కూర్చుని పెడితే చెల్లదు. లోపల్నుంచి ఇంకొకరి చేత పంపితే చెల్లదు. మనిషి నడిచి గుమ్మంలోకి రావాలి. రేపటిది కూడా ఇప్పుడే పెట్టేస్తానని మెకానిక్ బతిమాలాడు.

"రేపు నువ్వుంటావని నాకు రాసిచ్చావా?"

"పొద్దున్నే ఏం మాటలు బాబాయ్!" అని మెకానిక్ ఒకటికి రెండు గ్లాసులు తాగాడు.

చివరికి మిగిలింది మేడ మీది రేకుల గది. మెట్లెక్కుతూ నర్సమ్మ చెప్పేసింది. "ఇదే ఆఖరు బాబాయ్. రేపట్నుంచి ఆపేయాలి. పైవాళ్ల ఆర్డరు."

"రాసివ్వు. కింద సంతకం పెట్టు."

ఆయన తలుపు కొట్టాడు. చాలాసేపటికి కుట్టుమిషను పిన్ని గోడ పట్టుకుని వచ్చింది. ఇచ్చిన నీళ్లు రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసింది.

"నిన్ననే పెట్టాగా తమ్ముడూ."

"ఇవాళ్టిది అక్కయ్యా."

ఆమె పెట్టింది. ఆయన దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"చెల్లదు. మళ్లీ పెట్టు."

పెట్టింది.

"ఇదీ చెల్లదు."

నర్సమ్మకు ఒళ్లు మండింది. "పెద్దావిడను నిలబెట్టి పొద్దున్నే ఇదేం చోద్యమండీ! మీ సరదాకి ఒక అంతుండాలి."

ఆయన బుక్కు ఆమె వైపు తిప్పాడు. ఇంటికో పేజీ. ఈ పేజీలో ఒకదాని కింద ఒకటి పంతొమ్మిది రోజుల సంతకాలు. పదహారు ఒకే ఎత్తు, ఒకే ఎడం, నిజంగానే కుట్టు వేసినట్టున్నాయి. పదిహేడోది కొంచెం వదులు. పద్దెనిమిదోది కిందికి జారింది. ఇవాళ రెండోసారి పెట్టింది సగం పేరు, ఒక సున్నా, ఆ తర్వాత గీత కాగితం దాటి ఆయన బొటనవేలి మీదికి పోయింది.

"మాట తడబడితే ఫోన్ చేయమని రాశావు. ఈవిడ మాట్లాడేదే రోజుకు నాలుగు ముక్కలు" అన్నాడు ఆయన. "తడబడితే నాకెలా తెలుస్తుందమ్మా? అందుకని చెయ్యి చూస్తా."

నర్సమ్మ పిన్ని మణికట్టు పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది. చెమట చుక్క లేదు. లోపల గది రాత్రంతా చల్లారనే లేదు. కిటికీలో ఫోను. దాని మీద ఆరోగ్య కేంద్రం పంపిన మెసేజీలు పంతొమ్మిది. ఒక్కటీ తెరవలేదు.

ఆ తర్వాత విచారణ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. నర్సమ్మ అంబులెన్సుకు ఫోన్ చేసింది. మెకానిక్ పిన్నిని ఎత్తుకుని మెట్లు దిగాడు. మాస్టారు తన మంచం ఖాళీ చేసి ఫ్యాను పెట్టాడు. కొట్టావిడ దుప్పట్లు తడిపి తెచ్చింది. అందరూ నర్సమ్మ ఎలా చెబితే అలా చేశారు. సంతకం బాబాయి ఒక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాడు, పెన్ను మూత తీస్తూ, పెడుతూ. అంబులెన్సులో వచ్చినతను "రోగిని అప్పగించినట్టు ఇక్కడ సంతకం చేయండి" అన్నాడు. బాబాయి పెట్టింది గీత దాటి పోయింది. రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది.

సాయంత్రానికి పిన్ని ఆసుపత్రిలో అల్లరి మొదలుపెట్టింది. దుప్పటి అంచు సరిగా కుట్టలేదని.

"మధ్యాహ్నం దాకా ఆ రేకుల కిందే ఉండి ఉంటే మేం చేయగలిగేది తక్కువే" అన్నాడు అక్కడి డాక్టరు.

బయట బల్ల మీద నర్సమ్మ ఆయన పక్కన కూర్చుంది. "ఎలా ఉన్నారని అడిగితే సరిపోయేదిగా బాబాయ్? ఇంత తతంగం ఎందుకు?"

"అడిగితే అందరూ బాగున్నామనే అంటారు. సంతకానికి అబద్ధం చెప్పడం రాదు." బుక్కు ఒళ్లో పెట్టుకుని అన్నాడు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకింటి తలుపు కిందినుంచి మూడు రోజులు ఉత్తరాలు తోశా. నాలుగో రోజు వంగి చూస్తే మూడూ అక్కడే ఉన్నాయి."

ఆమె లేచి పిన్ని దగ్గరికి మరోసారి వెళ్లి చూసొచ్చింది.

మర్నాడు రిపోర్టు ఇచ్చింది. 'విచారించడమైనది. ఆ వీధికి మన మెసేజీలు చేరుతున్నవి. చేరవేయు వ్యక్తిని ఆపరాదు.'

డాక్టరు రెండుసార్లు చదివాడు. "నీకేమైనా అర్థమైందా?"

"సగం అయిందండీ."

"నాకు అదీ కాలేదు. సరే, ఎక్కడ పెట్టాలి సంతకం?"

"లేచి నిలబడి పెట్టాలండీ. ముందు నీళ్లు తాగండి."

ఫైలు కోసం ఆ బుక్కు ఆఫీసులో నకలు తీయిస్తున్నప్పుడు ఆమె చివరి పేజీ చూసింది. పైన బాబాయి ఇంటి నంబరు. కింద రోజుకొకటిగా భార్య సంతకాలు. వాటి పక్కన బాబాయి పేర ఇంకో నిలువు వరుస గీసి ఉంది. అది మొత్తం ఖాళీ.

మరుసటి ఉదయం ఆరు గంటలకు ఆయన తలుపు ఎవరో కొట్టారు. సంచి భుజాన వేసుకుని బయల్దేరుతున్నవాడు తలుపు తీశాడు. గుమ్మంలో నర్సమ్మ, గ్లాసుతో నీళ్లు, పెన్ను, ఆ చివరి పేజీ నకలు.

"నాకెందుకమ్మా? నేను రోజూ తిరిగేవాణ్ణి."

"నిలబడి, తాగి, పెట్టండి."

వీధి మొత్తం చేత సంతకం పెట్టించినవాడు పెన్ను ఎటు పట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పాడు. తాగాడు. పెట్టాడు. నర్సమ్మ దాన్ని దగ్గరగా చూసింది, దూరంగా చూసింది. సిరాలో పడ్డ చీమ కాగితం మీద పాకినట్టుంది.

"చెల్లదు. మళ్లీ పెట్టండి."

లోపల్నుంచి భార్య గొంతు వినబడింది. "ఎన్నిసార్లు పెట్టించినా అంతే అమ్మా. బీరువాలో కాగితం మీద కూడా అలాగే పెట్టాడు. చెల్లదని ఆ రోజే చెప్పేవాళ్లుంటే ఎంత బాగుండేది!"