ఒక్కసారే అడిగే దావత్‌లు

బఫే భోజనం అంటే నాకు ప్రాణం. ముందే చెబుతున్నాను, మూతి ముడుచుకునేవాళ్లు ముడుచుకోవచ్చు. "నిలబడి తినుడేంది, పళ్లెం పట్టుకొని లైన్ల నిలబడుడేంది" అని మా చుట్టాల్లో పెద్దమనుషులు ఏళ్లుగా సణుగుతూనే ఉన్నారు. సణుగుతూనే మూడోసారి డబుల్ కా మీఠా వేయించుకుంటారు. నేను సణగను. నాకేం కావాలో నేనే చూసుకుంటాను, నేనే పెట్టించుకుంటాను. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది గీక్కుని తినే ఆడమనిషికి ఇదెంత సుఖమో సణిగేవాళ్లకేం తెలుసు?

నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. ఏడాదికోసారి కంపెనీవాళ్లు మమ్మల్ని ఉప్పల్ మెట్రో దగ్గర ఒక హోటల్‌కు తీసుకెళ్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు రెండు కప్పుల సూప్ తాగి, వేయించిన మొక్కజొన్న గింజలతో కడుపు నింపుకుని, బిర్యానీ దాకా వచ్చేసరికి చేతులెత్తేశాను. ఆ బిర్యానీని అట్లా చూస్తూ నిలబడ్డ బాధ ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు మాత్రం ముందు ఒట్టి చేతులతో ఒక చుట్టు తిరిగి, అన్ని మూతలూ ఎత్తి చూసి, ఆ తర్వాతే పళ్లెం పడతాను. "ముందు సలాడ్ తినాలి మేడం, హెల్త్‌కి మంచిది" అని మా ఆఫీసులో చిన్నపిల్ల ఒకతి సలహా ఇచ్చింది. "కీరదోసకాయ మా ఇంట్ల ఉంది తల్లీ, రొయ్యలు లేవు" అన్నాను. మళ్లీ నా జోలికి రాలేదు.

ఇంత గొప్పలు పోయే నేను, మా ఇంట్లోనే ఒక మనిషి ప్రతి దావత్ నుంచీ ఆకలితో తిరిగొస్తోందని చాలా ఏళ్లు కనిపెట్టలేకపోయాను. ఆ మనిషి మా అత్తమ్మ.

ఒకరోజు ఉప్పల్‌లో ఫంక్షన్ హాల్లో పెళ్లి చూసుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చాం. చీర మార్చుకుని వంటింట్లోకి వెళ్లేసరికి అత్తమ్మ పట్టుచీరలోనే పీట మీద కూర్చుని, పొద్దుటి చల్లన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని గబగబా తింటోంది.

"ఇదేంది అత్తమ్మా? దావత్‌ల తినలేదా?"

దొంగతనం బయటపడ్డట్టు ముఖం పెట్టింది. "తిన్న బిడ్డా. పెరుగన్నం తిన్న."

"మటన్ పెట్టిన్రు గదా!"

"వడ్డించేటాయన ఎయ్యాల్నా అని అడిగిండు. వద్దన్న." తొక్కు ఇంకొంచెం కలుపుకుని, "గాయిన ఒక్కసారే అడిగిండు" అంది.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. మా వైపు పెద్దవాళ్లకు వద్దనడం మర్యాద. మొదటిసారి అడిగితే వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. వడ్డించే మనిషి మూడోసారి "నా మీద ఒట్టు, జర్రంత" అని బతిమాలితే అప్పుడు సరేననాలి. ఒక్కసారికే అవునంటే తిండికి మొహంవాచినదని అనుకుంటారట. బంతి భోజనాల రోజుల్లో ఈ పద్ధతి బాగానే నడిచింది. బఫేలో గరిటె పట్టుకున్న మనిషికి వద్దంటే వద్దే. ఆయన కళ్లు అప్పటికే వెనకాల మనిషి పళ్లెం మీద ఉంటాయి. ఎన్ని పెళ్లిళ్లలో ఆమె ఇట్లా వద్దని ముందుకు జరిగిందో, ఇంటికొచ్చి ఎన్నిసార్లు చల్లన్నం తిన్నదో! ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియకపోవడం నాకే సిగ్గనిపించింది.

సరే, నేర్పిద్దామనుకున్నాను. వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడి "మటన్ ఎయ్యాల్నా అమ్మా?" అని అడిగేదాన్ని. ఆమె నోరు తెరిచి, "ఎ..." అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "వద్దు బిడ్డా" అనేది. 'ఎయ్యి' అనే మాట ఆమె నోటికి రాదు. ఇంకో పెళ్లిలో నేనే పళ్లెం నింపి తెచ్చి చేతిలో పెట్టాను. "నువ్వు తిను, నాకు ఆకలి లేదు" అని పక్కన కూర్చున్న ముసలామెకు ఇచ్చేసింది. మా ఆయన్ని అడిగితే "అమ్మ తిండే గంత, నువ్వెందుకు ఫికర్ చేస్తవ్" అన్నాడు. ఆయనకు జీవితంలో ఎవరూ మూడుసార్లు అడగకుండా వడ్డించలేదు మరి. వడ్డించింది కూడా ఆమే.

మొన్నామధ్య నాచారంలో అత్తమ్మ సొంత తమ్ముడి మనవరాలి పెళ్లి జరిగింది. తన పుట్టింటివాళ్ల దావత్. ఇక్కడ కూడా ఆమె ఆకలితో లేస్తే నేను కోడల్నే కాదనుకున్నాను. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో బగారా అన్నం పళ్లెం పెట్టి, తిన్నగా మటన్ దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఒక గిన్నె నిండ కూర, గరిటె ఇయ్యి" అన్నాను.

చెవిలో ఫోన్ తీగ పెట్టుకున్న క్యాటరింగ్ పెద్దమనిషి పరుగెత్తుకొచ్చాడు. "మేడం, మా వాళ్లు ఏస్తరు. మీరు లైన్ల రాండ్రి."

"మీ వాళ్లు ఒక్కసారే అడుగుతున్రు. మా అత్తమ్మను మూడుసార్లు అడగాలె."

"గింత మందిని మూడుసార్లు ఎట్లడుగుతం మేడం?"

"అందుకే గిన్నె ఇయ్యమంటున్న. నేనడుగుత."

వరసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. మా ఆయన దగ్గరికొచ్చి, "పది మందిల ఇజ్జత్ తీస్తున్నవ్" అని పళ్లు కొరికాడు. "మీ అమ్మ ఆకలితో ఇంటికొస్తే పోని ఇజ్జత్ గిన్నె పట్టుకుంటే పోతదా?" అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదే. క్యాటరింగ్ ఆయన గిన్నె ఇచ్చేశాడు.

అత్తమ్మ ముందు నిలబడి "మటన్ అత్తమ్మా" అన్నాను.

"వద్దు బిడ్డా."

"రెండు ముక్కలు."

"అయ్యో, వద్దు వద్దు."

"నా మీద ఒట్టు. మీ తమ్ముడు బాధపడతడు."

"సరే, జర్రంత" అంది. నేను గరిటె నిండా వేశాను. తింది. మళ్లీ అడిగాను, మళ్లీ వద్దంది, మళ్లీ వేశాను. ఎముక చప్పరిస్తూ కళ్లు మూసుకుంది. పక్క కుర్చీల్లోని ముసలమ్మలు నా గిన్నె వైపే చూస్తున్నారు. వాళ్లనూ మూడేసి సార్లు అడిగాను. అందరూ రెండుసార్లు వద్దన్నారు. ఒక్కరూ మూడోసారి వద్దనలేదు. గిన్నె ఖాళీ అయింది.

"నువ్వు తిన్నవా బిడ్డా?" అత్తమ్మ అడిగింది.

"తిన్న" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆలోచించకుండానే వచ్చేసింది. సూపూ బిర్యానీ అంటూ అంత గొప్పలు పోయినదాన్ని.

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ అబద్ధం ఆమెకు కొత్తేం కాదు. పళ్లెం కింద పెట్టి, మోకాలు పట్టుకుని లేచింది. నేను ఆపబోతే చెయ్యి విదిలించుకుని నేరుగా మటన్ దగ్గరికి నడిచింది. వరస చూసుకోలేదు. కొత్త పళ్లెం తీసుకుని గరిటె ముందు పెట్టింది. వడ్డించేవాడు ఒక ముక్క వేసి ఆగాడు. "చాలా అమ్మా?"

"సాలదు" అంది అత్తమ్మ, హాలు సగానికి వినపడేటట్టు. "ఎయ్యి. నా కోడలు తినలేదు, నాకింకా ఆకలున్నది. ఇద్దరికెయ్యి."