డప్పు లేకుండా నడవని గుర్రం

మొన్న వేసవి సెలవుల్లో సముద్రం చూడటానికి వెళ్లాం. ఒడ్డున గుర్రాలు తిప్పే ఆయన మా అమ్మాయిని ఎక్కించే ముందు నిలబెట్టి జాగ్రత్తలు చెబుతున్నాడు. వెనక నుంచి దగ్గరికి పోవద్దు, ఎడమ పక్క నుంచి ఎక్కాలి, కళ్లెం గుంజొద్దు, కిందికి చూడొద్దు. ఆయన నోరు తెరిచేలోపే నేను ఒక్కొక్కటీ చెప్పేస్తున్నాను. చివరికి ఆయనకు విసుగొచ్చి, "మీ ఇంట్లో గుర్రాలున్నాయా అమ్మా?" అని అడిగాడు.

మా ఇంట్లో ఎప్పుడూ రెండు మేకలకు మించి లేవు. నేను పుట్టింది చందుర్తి పక్కన, కల్లు గీసేవాళ్ల ఇంట్లో. చేసేది బడిలో పాఠాలు చెప్పడం. ఇసుకలో గుర్రమెక్కడం మాత్రం సిరిసిల్లలో, మానేరు వాగులో, బడికి తాళం పడిన రోజుల్లో వచ్చింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలో, పిల్లలు వీధిలో, మేం టీచర్లం టెంటు కింద. పొద్దున కూర్చుని పాటలు పాడేవాళ్లం, ఎవరింటి నుంచో వచ్చిన పులిహోర తినేవాళ్లం, మధ్యాహ్నానికి ఇంటికి చేరేవాళ్లం. మా ఆయన ఉద్యోగం జగిత్యాలలో. బస్సులు లేక అక్కడే చిక్కుకుపోయాడు. మా ఇల్లు వాగుకు దగ్గర. వెనక గోడకు అవతల, వీధిలో అందరూ చాచా అని పిలిచే పెద్దాయన ఇల్లు.

చాచాది పెళ్లిగుర్రం. తెల్లనిది, ఆడది. కోరుట్ల దగ్గర ఎవరి దగ్గరో పిల్లగా ఉన్నప్పుడు కొని తెచ్చి పెంచాడు. దాన్ని 'బేటీ' అనే పిలిచేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎందరు పెళ్లికొడుకులు దాని మీద ఊరేగారో చెప్పలేను. నా పెళ్లికి మా ఆయన ఎక్కి వచ్చింది కూడా దాని మీదే. ఆ ఫొటోలో ఆయన ముఖం చూస్తే పెళ్లికి వస్తున్నట్టు ఉండదు, ఎవరో పట్టుకుపోతున్నట్టు ఉంటుంది.

ఆ గుర్రానికి చాచా ఒకటే విద్య నేర్పాడు. డప్పు మోగితే నడవాలి, డప్పు ఆగితే ఆగాలి. బరాత్‌లో గుర్రం ముందు పిల్లలు ఎగురుతుంటారు, ఎవరో ఒకరు కింద పడతారు, ఎవరింటి ముందో హారతి పళ్లెం అడ్డం వస్తుంది. డప్పులవాళ్లు ఆగగానే గుర్రం కూడా ఆగిపోవాలి. అంత పక్కాగా నేర్పిన విద్యే చివరికి దాని కడుపు మీద కొట్టింది. ఊళ్లోకి డీజేలు వచ్చాయి. ఆ పెట్టెల మోతకు ఈ గుర్రం నిలబడ్డచోటి నుంచి కదిలేది కాదు. అది డప్పు కోసం చూసేది. రెండు పెళ్లిళ్లలో అట్లా అయ్యాక పిలవడం మానేశారు. దానికి తోడు బందులు, రాస్తారోకోలు. చాలామంది బరాత్ లేకుండానే పెళ్లి కానిచ్చేస్తున్నారు.

ఒకరోజు చాచా గోడ మీద నుంచి పిలిచాడు.

"బిడ్డా, నీకు గిప్పుడు పనేం లేదు గదా?"

"ఏం పని చాచా, సమ్మె గదా."

"అయితే రేపు పొద్దుగాల వాగుకు రా. గుర్రం ఎక్కుదువు గాని."

పరాచికాలు ఆడుతున్నాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని నిదానంగా సంగతి చెప్పాడు. సముద్రం ఒడ్డున గుర్రాలు తిప్పే ఒకాయన దీన్ని కొనడానికి ఒప్పుకున్నాడు. కాని వచ్చి చూశాకే తీసుకుపోతానన్నాడు.

"గిన్నేండ్ల సంది దాని మీద మొగోళ్లే ఎక్కిండ్రు, గది గూడ పెండ్లికొడుకులే. గాడ ఆడోళ్లు, పిల్లగాండ్లు ఎక్కుతరట. ఎన్నడు గుర్రం ఎక్కనోళ్లు. గసోంటోళ్లు దానికి అలవాటు గావాలె. మీ చాచీని అడిగిన. మోకాళ్ల నొప్పులున్నదాన్ని గుర్రమెక్కిచ్చి సంపుతవా అన్నది."

"అది నేర్సుకోకపోతే ఏమైతది చాచా?"

"ఆయన తీస్కపోడు. నేను సాకలేను. ఇటుక బట్టీలోళ్లు తిరుగుతున్నరు బిడ్డా. బండికి కడ్తరు."

చివరి మాట వినీ వినపడనంత మెల్లగా అన్నాడు. నేను సరేనన్నాను.

మర్నాడు చుడీదార్ వేసుకుని, చెప్పులతో వెళ్లాను. చాచా చూసి తల అడ్డంగా ఊపాడు. కాలు పెట్టే రికాబులో చెప్పు ఇరుక్కుంటే, పడ్డ మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుందట. చున్నీ గాలికి ఎగిరి కళ్ల మీద పడితే అది బెదురుతుందట. ఇంటికి తిరిగి వచ్చి మా ఆయన కాన్వాసు బూట్లలో గుడ్డపేలికలు కుక్కుకుని, చున్నీ నడుముకు బిగించుకుని మళ్లీ వెళ్లాను. ఆ వేషంలో వాకిలి దాటుతుంటే బీడీలు చుట్టే ఎదురింటి ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి మరీ చూశారు.

"ముందుగాల నీ చెయ్యి వాసన చూడనియ్యి," అన్నాడు చాచా. "కొత్తింటికి పోతే నువ్వెవరివని అడుగరా? గిది గూడ గంతే."

గుర్రం నా అరచేతిని వాసన చూసింది. దాని ఊపిరి వెచ్చగా తగిలింది. ఎడమ పక్క నుంచి ఎక్కాను. జీను మీద కూర్చున్నాక కాని అంత ఎత్తు ఉంటుందని తెలియలేదు. తెలియకుండానే రెండు కాళ్లతో దాన్ని గట్టిగా కరుచుకున్నాను. మా నాయిన కల్లు గీయడానికి తాటిచెట్లెక్కేవాడు. చిన్నప్పుడు ఆయన చూడనప్పుడు మేం పిల్లలం కూడా ఎక్కేవాళ్లం. భయమేస్తే కాళ్లు బిగించడం ఒక్కటే నాకు తెలుసు.

"గౌండ్లోళ్ల బిడ్డవనిపిచ్చినవు," అని నవ్వాడు చాచా. "గది తాటిచెట్టు గాదు. దానికి ఊపిరాడాలె. కాళ్లు ఒదులు జెయ్యి, మడిమలు కిందికి దించు, నడుము నిటారుగ వెట్టు."

అన్నీ చేశాను. గుర్రం కదలలేదు. చాచా నాలుకతో టక్కుటక్కుమన్నాడు, మెడ నిమిరాడు, బతిమిలాడాడు. అది చెవులు అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది. నేను పెళ్లికొడుకులా బిగుసుకుని దాని మీద కూర్చున్నాను. ఇద్దరం దేనికోసమో ఎదురుచూస్తున్నాం. అప్పుడు చాచాకు తట్టింది. ఇంటికి పరుగెత్తి ఖాళీ నూనెడబ్బా ఒకటి, కట్టె ఒకటి తెచ్చాడు. డబ్బా మీద బరాత్ దరువు వేయగానే గుర్రం తల ఎత్తి నడక మొదలుపెట్టింది. రెండు అడుగులు, ఒక ఊగు, మళ్లీ రెండు అడుగులు. ఎదురుగా పెళ్లిపందిరి ఉన్నట్టే నడిచింది.

తర్వాత రోజూ అదే పని. పొద్దున్నే వాగు, ఆ తర్వాత టెంటు. ఆ ఏడు వానలు సరిగ్గా లేక మానేరు ఒక పక్కగా సన్నని పాయై పారుతుండేది. మిగతాదంతా ఇసుకే. పొడి ఇసుకలో గిట్టలు దిగబడి గుర్రం తొందరగా అలిసిపోతుందని, పాయ పక్కన తడి ఇసుక గట్టిగా ఉంటుందని, ఒడ్డు దిగేటప్పుడు కొంచెం వెనక్కి వాలాలని ఒక్కొక్కటీ తెలిసింది. కిందికి చూస్తే ఒళ్లు తూలేది. దాని చెవుల నడుమ నుంచి దూరంగా చూడమనేవాడు చాచా. కళ్లెం సంగతి మాత్రం ఆయన చెప్పినట్టు మళ్లీ ఎవరూ చెప్పలేదు.

"చిన్నపోరని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతవు సూడు, గట్ల పట్టుకోవాలె. గుంజద్దు. ఇడువద్దు."

ఇవతల నేను నేర్చుకుంటుంటే అవతల ఆయన దానితో దరువు మాన్పిస్తున్నాడు. కొన్ని రోజులు కట్టెతో డబ్బా వాయించాడు. తర్వాత కట్టె పక్కన పడేసి వేళ్లతో. తర్వాత డబ్బా కూడా పక్కన పెట్టి తన తొడ మీద అరచేత్తో. దానితో పాటే నాలుకతో టక్కుమనేవాడు. రోజురోజుకీ అరచేతి చప్పుడు తగ్గించి నాలుక చప్పుడు మిగిల్చాడు.

టెంటులో నా గుర్రపుస్వారీ అందరికీ కాలక్షేపం. "మన టీచరు ఇగ గుర్రమెక్కి అస్తది ఉద్యమానికి," అని మా పెద్ద సారు అంటే అందరూ పకపకా నవ్వేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు. ఇప్పటికీ ఆ పొద్దులు తలుచుకుంటే ఒళ్లంతా తేలికవుతుంది. జీతం రాదు, బడి లేదు, రేపేమవుతుందో తెలియదు. అయినా అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ లేను.

ఒక పొద్దున నేను నాలుకతో టక్కుమన్నాను. చాచా చేతులు కట్టుకుని దూరంగా నిలబడి ఉన్నాడు. గుర్రం కదిలింది. ఏ చప్పుడూ లేకుండా పాయ పక్కనే మలుపు దాకా నడిచి, తిప్పితే తిరిగి, వెనక్కి వచ్చింది. నేను సంబరంగా చాచా వైపు చూశాను. ఆయన అటు తిరిగి, పాయలో కాళ్లు కడుక్కుంటున్నాడు.

"అచ్చేసింది బిడ్డా దానికి," అన్నాడు తిరగకుండానే.

మేం దానికి ఇన్నాళ్లూ నేర్పింది వెళ్లిపోవడమే. ఆ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు, ఎక్కడో మరిచిపోయాను.

కొనేవాడు బైకు మీద, రాస్తారోకోలు తప్పించుకుంటూ, సందులు పట్టుకుని వచ్చాడు. మెత్తని మనిషి. మాటకు ముందు 'అండి', వెనక 'అండి'. చాచా ఆయన్ను పక్కకు పిలిచి, "ఇయ్యాల ఊర్ల పెద్ద ర్యాలీ ఉన్నది సాబ్, జర తక్కువ మాట్లాడుండ్రి," అన్నాడు. ఆయన తల ఊపి, ఇక నోరే తెరవలేదు.

నేను ఎక్కాను. గుర్రం బుద్ధిగా నడిచింది, తిరిగింది, ఆగింది. ఆయన ముఖంలో తృప్తి కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడు వంతెన మీద డప్పులు మోగాయి.

ఒకటి కాదు, వరసకు వరస. ర్యాలీ వంతెన దాటి ఊళ్లోకి వస్తోంది. గుర్రం తల ఎత్తింది. దాని ఒళ్లంతా ఒకసారి జలదరించడం నా కాళ్లకు తెలిసింది. కళ్లెం పట్టాను. అది నన్ను పట్టించుకోకుండా ఒడ్డెక్కి, తిన్నగా వెళ్లి డప్పుల వెనక తన చోట్లో నిలబడి నడక మొదలుపెట్టింది. రెండు అడుగులు, ఒక ఊగు.

నేనెప్పుడూ ర్యాలీలో చివరి వరసలో నడిచేదాన్ని. ఆ రోజు జెండాలు పట్టుకున్నవాళ్ల కంటే ముందున్నాను, మా ఆయన బూట్లతో. మా పెద్ద సారు నోరు తెరుచుకుని చూసి, తర్వాత గొంతు సవరించుకుని జై తెలంగాణ అన్నాడు. జనమంతా అందుకున్నారు. ఒక పెద్దామె బిందెతో నీళ్లు తెచ్చి, పెళ్లికొడుకు గుర్రానికి పోసినట్టే గిట్టల మీద పోసింది. వెనక్కి తిరిగి చూస్తే చాచా పరుగెత్తుకొస్తున్నాడు. ఆయన పక్కనే సముద్రం ఒడ్డు మనిషి. ఎవరో ఆయన చేతిలో ఒక ప్లకార్డు పెట్టారు. ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని నోరు మూసుకుని నడుస్తున్నాడు.

అంతా అయిపోయిందనుకున్నాను. ఇది ఇక ఎక్కడికీ పోదని ఒక క్షణం సంతోషం. ఇటుకబండి గుర్తొచ్చి మరుక్షణం భయం.

చౌరస్తా దగ్గర ఉపన్యాసాల కోసం డప్పులు ఆపారు. గుర్రం ఆగింది. చుట్టూ వందల మంది, కేకలు, కాళ్ల దగ్గర్లోనే పటాకుల లడీ పేలింది. అది చెవి కూడా కదపలేదు. సముద్రం ఒడ్డు మనిషి జనాన్ని తప్పించుకుని వచ్చి దాని మెడ మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత చాచా చెవి దగ్గర మెల్లగా చెప్పాడు. "అలల హోరుకి చాలా గుర్రాలు బెదిరిపోతాయండి. ఇది దేనికీ బెదరదు. తీసుకెళ్తానండి."

"అచ్ఛా," అన్నాడు చాచా.

నేను జూలులో ముఖం పెట్టి ఏడ్చేశాను. పక్కనున్న ఎవరో అక్క నా మోకాలు తట్టి, "జర ఓపిక పట్టు టీచరమ్మా, అస్తది తెలంగాణ," అంది.

రెండు రోజులకు, రోడ్లు కాస్త తెరుచుకున్న ఒక పొద్దున వ్యాను వచ్చింది. వెనక తలుపు దించి చెక్క వేశారు. గుర్రం చెక్క దాకా వచ్చి ఆగిపోయింది. బెల్లం చూపించారు, గడ్డి చూపించారు, డ్రైవరు వెనక నుంచి నెట్టాడు. నేను నాలుకతో టక్కుమన్నాను. నా మాట వింటుందనుకున్నాను. అది నా వైపు చూసి అక్కడే నిలబడింది. చాచా ఇంట్లోకి వెళ్లాడు. వచ్చేటప్పుడు చేతిలో ఆ పాత నూనెడబ్బా, కట్టె ఉన్నాయి.

దరువు మొదలుపెట్టాడు. గుర్రం తల ఎత్తింది. పెళ్లికి పోతున్నట్టే, ఊగుతూ చెక్క మీదుగా లోపలికి నడిచింది.

తాడు కట్టారు, తలుపు వేశారు. చాచా ఆపలేదు. వ్యాను కదిలింది. ఆయన వాయిస్తూ దాని వెనకే సందు చివరి దాకా, అక్కడి నుంచి వంతెన దాకా నడిచాడు. నేను పక్కనే నడుస్తున్నాను. వ్యాను వంతెన దాటి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది. ఆయన వంతెన మధ్యలో నిలబడి ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

"ఇగ ఆపు చాచా," అన్నాను. "బండి పోయింది."

"దానికి ఇంక ఇనవడ్తుండచ్చు బిడ్డా," అన్నాడు.