ట్రూడా పిన్ని గాలి దూరకుండా మూసిన ఇళ్లు

మా వీధిలో చలికాలం ట్రూడా పిన్నితోనే మొదలయ్యేది. అక్టోబరు చివర ఆమె కొవ్వొత్తి వెలిగించుకుని ఎవరింటికైనా వచ్చిందంటే ఆ ఇంట్లోకి ఇక గాలి దూరదన్నమాట. కిటికీ చట్రం వెంట కొవ్వొత్తిని మెల్లగా జరిపేది. మంట ఎక్కడ వంగితే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టేది. తర్వాత ఉన్ని పట్టీలు, జిగురు, తలుపు కింద అడ్డం పెట్టడానికి రంపపుపొట్టు కూరిన గుడ్డచుట్ట.

ముప్పై ఏళ్లు ఆమె ఫ్యాక్టరీలో చలికోట్లకు అస్తరు కుట్టింది. భర్త గనిలో పోయాడు, పిల్లలు లేరు. బొగ్గుగనుల ఊరు బితోమ్‌లో మా ఎర్ర ఇటుకల మేడలన్నిట్లోనూ ఆమె చేతిపని ఉండేది. కూలి తీసుకునేది కాదు. ఒక ముక్క గసగసాల కేకూ, కాస్త టీ పెడితే చాలు. బొగ్గూ గ్యాసూ ప్రియమైన ఏళ్లలో ఆమె కోసం జనం వంతులేసుకునేవారు.

ప్లాస్టిక్ కిటికీలు వచ్చాక ఉన్ని పట్టీల పని తగ్గింది. అయినా చలేస్తోందనేవారు. స్నానాలగది గోడ పైనున్న వెంటిలేటరు లోంచి చల్లగాలి దిగుతోందనేవారు. పిన్ని దానికీ ఉపాయం కనిపెట్టింది. జాలీ వెనక స్పాంజి కుక్కి, పైన తెల్లకాగితం అతికించేది. అక్కడో కన్నం ఉందని కూడా తెలిసేది కాదు.

పొగగొట్టాలు శుభ్రం చేసే బెర్నార్డ్ దాన్ని మొదట మా ఇంట్లోనే చూశాడు. అందరి ఇళ్లలోలాగే మా స్నానాలగదిలోనూ గ్యాస్ గీజరుంది. అతను స్పాంజి పీకి చేత్తో పట్టుకుని, పిన్నిని పిలిపించాడు.

"గీజరు మండాలంటే గాలి కావాలమ్మా. కిటికీలు మూశారు, ఇదీ మూశారు. ఇక అదేం పీల్చుకుంటుంది?"

"ఎన్నేళ్ల నుంచో మూస్తున్నా, ఎవరికేమయింది? నువ్వు మసి సంగతి చూసుకో నాయనా, చలి సంగతి నాకొదిలెయ్."

మేం నవ్వాం. బెర్నార్డ్ నవ్వలేదు. గాలి చాలని మంట విడిచే విషానికి రంగూ వాసనా ఉండవనీ, ముందు వచ్చేది తలనొప్పేననీ చెప్పి నిచ్చెన ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఆ డిసెంబరులో మెట్లమీద ఎవరు కలిసినా తలనొప్పి మాటే. జలుబన్నారు, వయసన్నారు. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే అలోయిజ్, పిన్ని భర్తతో గనిలో పనిచేసిన ముసలాయన, స్నానం చేసి వస్తే కాళ్లు తేలిపోతున్నాయన్నాడు. పిన్ని ఆయనకు కోడి సూప్ పట్టుకెళ్లి ఇచ్చింది. ఆయన పిల్లి మాత్రం ఆ ఇంట్లో అడుగుపెట్టడం మానేసి మెట్ల మీదే పడుకునేది.

ఆదివారం ఆయన చర్చికి రాలేదు. పిన్ని దగ్గర ఆయన ఇంటి తాళంచెవి ఒకటుండేది. ఆమె తలుపు తీస్తుంటే వెనక నేనున్నాను. లోపలి వెచ్చదనం ముఖానికి తగిలింది. ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. స్నానాలగది నేలమీద అలోయిజ్ పడి ఉన్నాడు. బుగ్గలు పసివాడి బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. పిన్ని గీజరు కట్టేసి ముందుగది కిటికీ దగ్గరికి పరిగెత్తింది. అది ఆయన మార్చుకోని పాత చెక్క కిటికీ. ఆమే జిగురు పెట్టి బిగించింది. ఎంత లాగినా రాలేదు. కుర్చీతో అద్దం పగలగొట్టింది.

అలోయిజ్ బతికాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను మా నాన్న పేరు పెట్టి పిలిచాడు. పిన్ని ఎవరో ఆయనకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే పిన్ని చాకు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. తను మూసినవన్నీ తనే తెరుస్తూ పోయింది. మూడో అంతస్తులో చంటిపాప ఉన్న జంట దగ్గర ఆగాల్సి వచ్చింది. భర్త తలుపు సగమే తీశాడు.

"మూసింది మీరే, తెరుస్తానంటున్నదీ మీరే. చలికి పాపకి జ్వరమొస్తే?"

"జ్వరమైతే తగ్గుతుంది బాబూ. మీ ఆవిడకి తలనొప్పేమైనా ఉందా? అదొక్కటి అడిగి రా."

అతను లోపలికెళ్లాడు. చాలాసేపటికి వచ్చి తలుపు బార్లా తీశాడు.

రెండు వారాల్లో మా వీధి అయిపోయింది. తర్వాత ఊళ్లో తను మూసిన మిగతా ఇళ్లన్నీ నా చేత కాగితం మీద రాయించి, తెరిచినకొద్దీ ఒక్కొక్కటే కొట్టేయించింది. చివరికి ఒక్క ఇల్లు మిగిలింది. ఎవరో నడివయసావిడ, విరిగిన చేతికి కట్టు, రెండో చేత్తో పిన్ని ఎక్కిన స్టూలు కదలకుండా పట్టుకుందట. పేరు గుర్తురాలేదు. ట్రాము దిగి ఎటు నడిచిందో గుర్తురాలేదు. బెర్నార్డ్‌ని అడిగితే అతనికీ తెలియలేదు.

జనవరి అంతా పిన్ని ఆ ఇంటి కోసం తిరిగింది. ఒకసారి నేనూ తోడు వెళ్లాను. గాలాడని ఇంటి కిటికీలకు లోపలి నుంచి చెమట పడుతుందని, దాన్నిబట్టి పోల్చుకోవచ్చని ఆమె అంది. ట్రాము దిగి సందు మలుపు తిరిగాం. ఆ పొడుగునా ప్రతి కిటికీ అద్దమూ చెమట పట్టి తెల్లగా ఉంది. పిన్ని వెళ్లి మొదటి తలుపు తట్టింది.