పాట ఆగిన చోట

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో సుషీ కొట్టు ముందు వరసలో నిలబడ్డాను. లోపల గోడమీది టీవీలోంచి ఒక ఆడగొంతు జపనీస్‌లో సన్నగా పాడుతోంది. ఏ పాటో తెలియదు. అయినా అరచేతులు చెమర్చాయి. అలాంటి గొంతు పైకి లేస్తుంటే, ఎక్కడ ఆగిపోతుందోనని నా ఒళ్ళు ముందే బిగుసుకుంటుంది. ఇది రఫియా ఆంటీ దగ్గర పనిచేసిన నాటి నుంచీ ఉన్న అలవాటు.

రెండువేల సంవత్సరం కంప్యూటర్లకు ఏ హానీ చెయ్యకుండా దాటిపోయింది. అందుకోసం నన్ను హైదరాబాదు నుంచి మెల్‌బోర్న్‌కు రప్పించిన కంపెనీకి నాతో పనీ తీరిపోయింది. వీసా నిలవాలంటే మరో ఉద్యోగం కావాలి. జపాన్ బొమ్మల సినిమాలకు తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు వేసి విడుదల చేసే ఒక చిన్న వీడియో సంస్థ నన్ను తీసుకుంది. మాటతోపాటు అక్షరాలు వచ్చిపోయేలా చూడడం నా పని. మాటల్ని అనువదించేది రఫియా గారు. ఒంగోలు మనిషి. భర్త ఉద్యోగం కోసం ఒసాకాలో చాలా ఏళ్ళుండి ఆ భాష నేర్చుకున్నారట. ఆయన పోయాక ఇక్కడికి వచ్చారు. మొదటిరోజు మేడమ్ అంటే, "ఆంటీ అను చాలు" అని నవ్వి, నేను వేసిన అక్షరాలు చూసి నవ్వాపేశారు. "ముఖం మాట్లాడేటప్పుడు నీ అక్షరాలు అడ్డం పెట్టబాక."

ఆ ఏడాది వచ్చిన సినిమాలో గనుల కోసం వేరే గ్రహం మీద కట్టిన నగరం ఉంది. అక్కడ రేడియోలో పాడే అమ్మాయి, అంతరిక్ష నౌక నడిపే ఆమె ప్రియుడు. అతని నౌక కూలిందన్న కబురు ఆమె పాడుతుండగానే అందుతుంది. పాట మధ్యలో ఆగిపోతుంది. చాలాసేపు తెరమీద ఆమె ముఖం తప్ప ఏమీ ఉండదు. చప్పుడూ ఉండదు. తర్వాత ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంటుంది.

మా యజమాని గ్రాహంకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. మర్నాడు సినిమా హాళ్ళవాళ్ళకు ప్రదర్శన. వాళ్ళు తీసుకోకపోతే సంస్థ నిలవడమే కష్టం. "సౌండ్ పోయిందనుకుంటారు. వయొలిన్లతో నింపండి" అన్నాడు. ఆంటీ కుదరదన్నారు. అతను నావైపు తిరిగి, "అయితే నువ్వు చెయ్యి" అని వెళ్ళిపోయాడు.

"చెయ్యమ్మాయ్" అన్నారు ఆంటీ. "వీసా పోగొట్టుకోబాక."

వయొలిన్లు వేసి టేపు సిద్ధం చేశాను. మర్నాడు హాలుకు బయల్దేరేటప్పుడు ఆవిడ దాన్ని అల్మారాలో పెట్టి, అసలు టేపు సంచిలో వేసుకున్నారు.

"ఆంటీ, ఎందుకు?" అన్నాను.

"మా ఆయన పోయిన రోజు ఇంటికొచ్చినోళ్ళంతా మాట్లాడతానే ఉన్నారు. నాకు ఏడవడానికి సందే దొరకలా. ఆ పిల్లకన్నా కాస్త టైమ్ ఇద్దాం. నువ్వు మాత్రం రాబాక."

వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. పాట మొదలైంది. గొంతు తెగినట్టు ఆగింది. ఎవరో దగ్గారు. ఇంకెవరో "సౌండ్!" అని అరిచారు. గ్రాహం లేచి ప్రొజెక్టర్ గది వైపు విసురుగా నడిచాడు. తలుపు ముందు ఆంటీ నిలబడి ఉన్నారు. పక్కకు తప్పుకోలేదు. ఆ తెర వెలుగులో ఇద్దరూ ఎదురెదురుగా అలా ఉండిపోయారు. హాల్లో కుర్చీల కిర్రు కూడా ఆగిపోయింది. తర్వాత ఆ అమ్మాయి మెల్లగా పాట అందుకుంది.

ఇద్దరు హాళ్ళవాళ్ళు సినిమా తీసుకున్నారు. సోమవారం గ్రాహం ఆంటీని పనిలోంచి తీసేశాడు. తనకు అడ్డంగా నిలబడ్డ మనిషిని ఉంచుకోలేనన్నాడు. "నాకూ తెలుసు..." అని నేను మొదలుపెట్టగానే ఆంటీ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "ఈ అమ్మాయి మీరు చెప్పిందే చేసింది. ఆ టేపు అల్మారాలో ఉంది, చూసుకోండి" అని ఇంగ్లీషులో చెప్పి బయటికి నడిచారు. తర్వాత వేరే రాష్ట్రానికి, బ్లాక్‌టౌన్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. చనిపోయేదాకా పండగలకు ఫోన్ చేసేవారు. ఆ సినిమా మాట ఎన్నడూ ఎత్తలేదు.

పోయిన చలికాలం మా అమ్మాయిని యూనివర్సిటీ నుంచి తీసుకొస్తున్నాను. కారెక్కి బెల్టు పెట్టుకుంది, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఏమైందని అడగబోయి ఆగాను. రేడియో కట్టేశాను. ఇంటి ముందు కారు ఆపాక కూడా నేను దిగలేదు. తనూ దిగలేదు. అద్దాల మీద మా ఊపిరి మంచులా పట్టింది. చాలాసేపటికి "అమ్మా" అంది. తర్వాత ఏడ్చింది.