మస్తానన్న చెప్పని పైపళ్ళు

పామిడి సంతలో మేకల దళారి మస్తాన్ సాహెబు ఇక లేరన్న వార్త తాడిపత్రిలో నాకు ఒక లారీ డ్రైవరు నోట అందింది. బండల లోడుతో పోతూ బడి ముందర బండి ఆపి, “అయ్యవారూ, మీ మేకలాయన పోయినాడు. మొన్ననే మట్టి చేసినారు” అన్నాడు. కన్నీటి కంటే ముందు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పుకోకుండా ఆ పుణ్యాత్ముణ్ణి స్మరించే అర్హత నాకు లేదు.

నన్నెరిగిన పాఠకులు ‘చంద్రి’ అనే మేక మూలంగానే నన్ను ఎరుగుదురు. పగలు బడిలో ప్రబంధాలకు ప్రతిపదార్థం చెప్పి, సాయంకాలం కాగితం మీద హత్యలు చేసే తెలుగు పండితుణ్ణి నేను. అందరూ డిటెక్టివు నవలలు నమిలేస్తున్న కాలంలో, హంతకులను పట్టే మేకను సృష్టించిన ప్రతిభాశాలినని నన్ను మెచ్చుకున్నారు. సృష్టి అంతా మస్తానన్నది. నాది చేతిరాత మాత్రమే, అది కూడా కంపోజిటర్లు తిట్టుకునేటంత చేతిరాత.

ఆయనను మొదట చూసింది ఒక కరువు ఏట. సంతలో ఒక మేక కోసం ఇద్దరు ఆసాములు జుట్లు పట్టుకుంటున్నారు. నాదంటే నాదని ఇద్దరికీ సాక్షులున్నారు. మస్తానన్న వచ్చి మేక మెడతాడు విప్పేశాడు.

“మనిషినడిగితే సాక్షిని తెస్తాడు. దాన్ని ఇడిసిపెట్టండప్పా, అదే చెప్తాది.”

మేక ఇద్దరినీ దాటుకుని పోయి, దూరంగా తుమ్మకాయలు అమ్ముకుంటున్న ఒక ముసలామె ఒళ్ళో తల పెట్టింది. మేక ఆమెదే. పెద్దవాళ్ళతో తగువెందుకని నోరు మూసుకుని కూర్చుంది. “నోరు లేనోళ్ళు ఎవరో మేకకు తెలుసు సామీ” అన్నాడు మస్తానన్న నా వైపు తిరిగి. నా మొదటి నవల ముగింపు అక్కడే, ఆయన పెదవుల మీదే, తయారైపోయింది.

ఆయన నిరక్షరాస్యుడు. కానీ మేక నోరు తెరిచి చూసి, ఇది రెండుపళ్ళది, ఇది నాలుగుపళ్ళది అని వయసు చెప్పాడంటే దానికి అప్పీలు లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చూడనిదే మేక చేతులు మారేది కాదు. నేను ప్రతి ప్రకరణమూ రాసి, సంత ముగిశాక ఆయనకు చదివి వినిపించేవాణ్ణి. “ఈడ చంద్రి అట్ల చెయ్యదు. మేకకు పౌరుషం ఉండాది, పిలవని చోటికి పోదు” అని దిద్దేవాడు. పండితుణ్ణి దిద్దుతున్నానన్న గర్వం ఇసుమంతైనా ఉండేది కాదు. దిద్దించుకుంటున్నానన్న కృతజ్ఞత నాకూ ఉండేది కాదు.

మూడో నవలకు ప్రకాశకులు తొందరపెట్టారు. ఆఖరి ప్రకరణం ఆయనకు వినిపించకుండానే పంపాను. అందులో హంతకుడి చేతి మీద చంద్రి పంటిగాట్లు దొరుకుతాయి, పైవరుస నాలుగు, కిందివరుస నాలుగు. పుస్తకం వచ్చిన నెలకు కదిరి వైపు నుంచి ఒక గొర్రెల కాపరి ఉత్తరం రాయించాడు: “అయ్యా, మేకకు పైన ముందుపళ్ళే ఉండవు. మీరు మేకను ఎప్పుడైనా చూసినారా?”

చూశాను. పదేళ్ళుగా చూశాను. ఒక్కసారైనా దాని నోటిలోకి చూడలేదు.

రెండో ముద్రణలో సవరణ వేయమన్నారు ప్రకాశకులు. తప్పు నాదని రాయడానికి కలం కదలలేదు. “ఈ పొరపాటు పామిడి సంతలోని మేకల దళారి మస్తాన్ సాహెబు మాటను విశ్వసించినందున దొర్లినది” అని రాశాను. నాలుగు పుస్తకాలలో ఆయన పేరు అచ్చయింది ఆ ఒక్కచోటే.

ఎవరో చెప్పగా విని, మస్తానన్న ఆ పుస్తకం కొనుక్కుని బడికి వచ్చాడు. తలపాగా కొత్తగా చుట్టుకున్నాడు.

“నా పేరు అచ్చులో పడినాదంట కదా సామీ! యాడుండాది? సదువు, ఇంటాను.”

వేలు పెట్టి చూపించి, లేనిది చదివాను: “ఇందలి మేకల మర్మములన్నియు మస్తాన్ సాహెబుగారు చెప్పినవి.” ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ పుట మూల మడిచి, పుస్తకం చంకలో పెట్టుకుని, సంతలో అందరికీ చూపించుకోవడానికి వెళ్ళాడు.

ఆ తరువాత ఆయన పేరు ‘పైపళ్ళ మస్తాన్’ అయింది. “ఏమన్నా, పైన ఎన్ని పళ్ళుండాయో చూసి చెప్పు” అని కుర్రకారు ఎగతాళి చేసేదట. బేరగాళ్ళు వేరే దళారులను పిలవసాగారు. నేను పరీక్ష పేపర్ల వంక పెట్టి సంతకు పోవడం మానేశాను. ఆయనే తాడిపత్రి వచ్చి నాలుగో నవల కథ చెప్పిపోయాడు, ఎప్పటిలాగే నవ్వుతూ. ఆ ఎగతాళికి మూలం నా రాతేనని ఆయనకు తెలియదనుకున్నాను. అపరాధ పరిశోధక నవలల్లో పరిశోధన ఆయనది, అపరాధం నాది.

నిన్న పామిడి వెళ్ళాను. కూతురు హుసేన్‌బీ ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. పుట మడత అట్లాగే ఉంది.

“నాయనకు తెలుసా అమ్మా?” అన్నాను.

“ఆ పొద్దే సంతలో సదివి చెప్పినారు.”

“మరి నన్ను ఒక్క మాటైనా అడగలేదే?”

“మేమందరం అడగమన్నాము. ‘వద్దు, ఆయప్ప సిగ్గుపడి రాసేది నిలిపేస్తే చంద్రి సచ్చిపోతాది’ అన్నాడు.”

మేకకు పైన ముందుపళ్ళు ఉండవు. ఉంటాయని మస్తాన్ సాహెబు ఏనాడూ చెప్పలేదు. చెప్పింది నేను. ఆయన పేరు అచ్చులో పడడం ఇది రెండోసారి. ఆ మహనీయుడి లోటు తీర్చే దళారి ఏ సంతలోనూ దొరకడు. ఈ కాగితం పట్టుకుని వచ్చి “సదువు సామీ, ఇంటాను” అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చదువుదామని ఉంది. అడిగే మనిషి లేడు.